పేనుబంకకు ప్రాణదానం

చోస్ఫెల్‌ను ఒక సందేహం ఇరవై ఏళ్లకు పైగా పీడిస్తూ ఉంది. ఆకుకూర కడిగినప్పుడు దాని మీది పురుగు చస్తే ఆ పాపం ఎవరిది? కడిగినవాళ్లదా, తిన్నవాళ్లదా, అసలు ఆ మొక్కను పెంచినవాడిదా? ఈ సంగతి అతను ముగ్గురు లామాలను అడిగాడు. మొదటి ఆయన "మనసు ఎలాంటిదో పాపం అలాంటిది" అన్నాడు. రెండో ఆయన "పెంచకు" అన్నాడు. మూడో ఆయన చాలాసేపు కళ్లు మూసుకుని ఆలోచించి, వెన్న టీ ఇంకొంచెం పొయ్యమన్నాడు. చోస్ఫెల్ భక్తుడే గాని పెద్దగా చదువుకున్నవాడు కాడు. ఊరి బడిలో ఎనిమిది దాకా చదివి, సైన్యం వంటశాలలో పాతికేళ్లు ఉల్లిపాయలు తరిగి ఇంటికి వచ్చినవాడు. అందుకని మూడు జవాబులనూ గౌరవంగా మనసులో దాచుకుని నాలుగోదాని కోసం ఎదురుచూస్తూ ఉన్నాడు.

ఆ రోజు పదకొండో నెల పున్నమి. పొద్దున్నే దేవుడి గదిలో ఏడు గిన్నెల్లో నీళ్లు పోసి, దీపం పెట్టి, రెండు గిన్నెల టీ తాగి చోస్ఫెల్ తన పని ఎలా చేయాలో ఒకసారి అనుకున్నాడు. పెద్ద పనేమీ కాదు. ఎండ ఎక్కాక అద్దాల గదిలోని సలాడ్ ఆకు కోయాలి. కొంత పెరుగులో కలిపి తంగ్‌తుర్ చేయాలి, కొంత పచ్చిగా పళ్లెంలో పేర్చాలి. మధ్యాహ్నం పక్కింటి అవ్వ, అబీ యాంగ్డోల్ వస్తుంది. ఆమె ముందు ఆ పళ్లెం పెట్టాలి. అంతే. దానితో ఇరవై ఏడేళ్ల బాకీ తీరిపోతుంది.

ఆ బాకీ కథ ఊరందరికీ తెలుసు. ఇరవై ఏడేళ్ల కిందట ఇలాంటి చలిలోనే, కడుపుతో ఉన్న అతని భార్య కున్‌జెస్‌కు ఏం తిన్నా ఇమడలేదు. ఎండుటాకు వద్దంది, మాంసం వద్దంది, బార్లీ పిండి వద్దంది. పచ్చటిది ఏదైనా కావాలని ఏడ్చింది. జనవరి నెలలో లద్దాఖ్‌లో పచ్చటిది అంటే సైన్యం లారీ ఒక్కటే. అప్పుడు పక్కింటి యాంగ్డోల్ తన వంటింటి కిటికీలో డబ్బాలో పెంచుకున్న ఆకునంతా మొదలంటా కోసి, తుక్పా చారులో వేసి, వేడి గిన్నెను కొంగులో దాచుకుని మంచులో నడిచి వచ్చింది. కున్‌జెస్ ఆ గిన్నెడు చారూ తాగి, నిద్రపోయి, లేచి, మళ్లీ మనిషయింది. "ఈ రుణం ఎలా తీర్చుకోను?" అని చోస్ఫెల్ అడిగితే, "ఏదో ఒక చలికాలం నాకూ ఒక పళ్లెం పచ్చాకు పెట్టు నోనో, చిన్నోడా, చాలు" అంది.

పెట్టడం అంత తేలిక కాలేదు. ఒక ఏడు మంచు కొట్టింది. ఒక ఏడు ఎలుకలు తిన్నాయి. ఒక ఏడు దూడ తలుపు తోసుకుని వచ్చి, డబ్బాతో సహా నమలబోయింది. మూడేళ్ల కిందట ఇంటికి దక్షిణాన అద్దాల గది కట్టుకున్నాక అన్నీ కుదిరాయనుకుంటే అద్దం పగిలింది. ప్రతి కొత్త సంవత్సరానికీ అబీ యాంగ్డోల్ జూలే అని పలకరించడానికి ముందే "నా పళ్లెం ఏదిరా?" అనేది. ఊరు నవ్వేది. ఈసారి ఆమె నవ్వలేదు. ఎనభై మూడేళ్ల వయసులో బోధ్‌గయ యాత్రకు బయలుదేరుతోంది, మర్నాడే విమానం. యాత్రకు పోయేవాళ్లు ఇవ్వాల్సినవీ రావాల్సినవీ అన్నీ తేల్చుకుని గడప దాటాలి. వారం రోజులుగా ఆమె ఇంటింటికీ తిరిగి జల్లెడలూ గొడ్డళ్లూ తిరిగి ఇచ్చేస్తోంది, తనవి తెచ్చుకుంటోంది. మిగిలింది చోస్ఫెల్ పళ్లెం ఒక్కటే.

ఎండ ఎక్కింది. బయట నీళ్లు గడ్డకట్టి రాయిలా ఉన్నా అద్దాల గదిలో చొక్కా విప్పేంత వెచ్చదనం. ఎత్తయిన బల్ల మీద పదమూడు నెయ్యి డబ్బాలు, తలుపు పక్కన నేల మీద ఒక ఆపిల్ పెట్టె. అన్నిటి నిండా పసిబిడ్డ చెవుల్లాంటి లేత ఆకు. చోస్ఫెల్ కత్తి చేతబట్టి మొదటి డబ్బా ముందు నిలబడి, ఒక ఆకు తిప్పి చూశాడు. చూసి కత్తి కింద పెట్టాడు.

"డోల్కర్ అమ్మా! ఒకసారి ఇటు రా."

బిడ్డ పేరుతోనే అతను భార్యను పిలుస్తాడు. కున్‌జెస్ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆకు అడుగున ఆవగింజలో సగం ఉండే పచ్చటి పురుగులు వరసగా కూర్చుని ఉన్నాయి.

"పేనుబంక. దానికేంటి? నీళ్లలో నాలుగుసార్లు జాడిస్తే పోతుంది."

"పోతుంది. ఎక్కడికి పోతుంది?"

"పొద్దున్నే మొదలెట్టావా?"

"ఈరోజు పున్నమి. ఈరోజు చేసిన పుణ్యం లక్ష రెట్లు, పాపమూ లక్ష రెట్లు. ఒక్కో ఆకు మీద ఊరంత జనం ఉన్నారు. నువ్వే లెక్కేసుకో."

"మొన్న యాక్ మాంసం మూడు గిన్నెలు తిన్నప్పుడు ఈ లెక్క ఎక్కడికి పోయింది?"

"అది ఒక్క ప్రాణం. దాంతో పదిళ్ల వాళ్లు నెల్లాళ్లు తిన్నారు. చిన్న ప్రాణాలు తినకూడదనేది అందుకే కదా. గిన్నెడు తింటే వెయ్యి చావులు."

"సరే, దులిపి బయట పడెయ్."

"బయటా! చలికి నీ ముక్కే ఊడిపోయేలా ఉంది. దీని ప్రాణమెంత?"

కున్‌జెస్ భర్త మొహం, పురుగు మొహం మార్చి మార్చి చూసింది. "ఇరవై ఏడేళ్లు ఆ ముసలమ్మ నీ పళ్లెం కోసం చూసింది. రేపు విమానం ఎక్కేస్తుంది. ఈ రోజు కూడా పెట్టలేదనుకో, వచ్చే జన్మలో ఆవిడ ఇంట్లో గాడిదవై పుట్టి మోస్తావ్. నీ ఇష్టం. నేను పై వాడకెళ్లి పెరుగు తెస్తా. వచ్చేసరికి ఆకు కోసి ఉండాలి."

ఆమె వెళ్లాక చోస్ఫెల్ ఆలోచించాడు. బాకీ తీరాలి, పురుగు చావకూడదు. దేవుడి గదిలో విగ్రహాల మీది దుమ్ము దులిపే మేకబొచ్చు కుంచె తెచ్చాడు. దానితో పురుగులను మెత్తగా టీ గిన్నెలోకి తోసి, ఆ గిన్నెను తలుపు పక్కనున్న ఆపిల్ పెట్టెలో వంచాలి. ఆ పెట్టె ఆకు పురుగులకు దానం. వాటి ఇల్లు, వాటి తిండి. డబ్బాల ఆకు అబీకి. ఇద్దరికీ న్యాయం. తన తెలివికి తనే కొంచెం ఆశ్చర్యపోయాడు కూడా.

డబ్బాల ఆకు బల్ల అంచు దాటి వేలాడుతోంది, పురుగులేమో ఆకు అడుగున ఉన్నాయి కాబట్టి అవి కనబడాలంటే బల్ల కింద వెల్లకిలా పడుకోవాలి. పడుకున్నాడు. గట్టిగా ఊపిరి వదిలితే అవి ఎగిరి మొహం మీద పడుతున్నాయి కాబట్టి ఊపిరి బిగబట్టి పని చేశాడు. గంట గడిచేసరికి నాలుగు డబ్బాలు శుభ్రమయ్యాయి. అయితే ఆ నాలుగింటిలోనూ ఆకుల ముడతల్లో కొన్ని పురుగులు నలిగి కదలకుండా ఉన్నాయి. పోయే ప్రాణం చెవిలో చదివే మంత్రాలు ఉంటాయి కదా, అవి వీటికి చదవవచ్చునా? పడుకునే జేబులోంచి ఫోను తీసి ఊరి మఠానికి, గోంపాకు చేశాడు.

లామా తొందుప్ పూజలో ఉన్నారు. గోంపా తాళాలు చూసుకునే భిక్షువు పుంచోక్ ఫోను తీశాడు. పెద్దల పేరు చివర 'గారు' లాగా 'లే' చేర్చి పిలవడం అక్కడి మర్యాద.

"జూలే. నేను చోస్ఫెల్‌ని." చోస్ఫెల్ గొంతు గాలిలా వచ్చింది.

"అదేంటి, గొంతు అలా ఉంది?"

"గట్టిగా ఊపిరి తీసుకోకూడదు... ప్రాణాల మీదికొస్తుంది."

"అయ్యయ్యో! ఎప్పట్నించి?"

"పొద్దున్నే చూసుకున్నా. పుంచోక్‌లే, ప్రాణం పోయేటప్పుడు చెవిలో చదివేది ఉంటుందే, అది మామూలు వాళ్లు చదువుకోవచ్చా, లామాలే రావాల్సిందేనా?"

"లామాలేనే రావాలి! ఇంట్లో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. డోల్కర్ అమ్మ పెరుక్కెళ్లింది. ఏదైనా మధ్యాహ్నం లోపలే అయిపోవాలి, మళ్లీ అబీలేకి భోజనం..."

అంతలో ఒక పురుగు ఫోను మీద పడింది. దాన్ని నలపకుండా తీయాలంటే ఫోను చెవి దగ్గర పెట్టుకోకూడదు. చోస్ఫెల్ మాట మధ్యలో ఆపి, ఒక్క నిట్టూర్పు విడిచి, ఫోనును నేల మీద పెట్టి కుంచె అందుకున్నాడు. అవతల పుంచోక్‌కు వినిపించినవి ఇవి: ఒక నిట్టూర్పు, ఏదో నేలకు తగిలిన చప్పుడు, ఆ తర్వాత నిశ్శబ్దం.

పుంచోక్ చేయవలసిందే చేశాడు. లామాను పూజలోంచి లేపాడు. ఆ వెంటనే నమ్తక్‌కు ఫోను చేశాడు.

ఆ ఊళ్లో ఒకే కులదైవాన్ని కొలిచే ఏడిళ్లవాళ్లను కలిపి ఫస్పున్ అంటారు. పుట్టుకైనా పెళ్లయినా ఫస్పున్ వచ్చి నిలబడుతుంది. చావు మాట వేరు. చావు ఇంట్లో ఇంటివాళ్లు వేలు కూడా కదపకూడదు. తాళాలు, పొయ్యి, కొట్టుగది, గరిట అన్నీ ఆ క్షణం నుంచి ఫస్పున్‌వి. చోస్ఫెల్ ఫస్పున్‌కు పెద్ద నమ్తక్. తన హయాంలో ఏ చావూ ఆలస్యం కాలేదని చెప్పుకోవడం ఆయనకు ఇష్టం. ఇరవై నిమిషాల్లో ఏడిళ్లవాళ్లూ చోస్ఫెల్ వాకిట్లో ఉన్నారు. ఇద్దరు మోపులకొద్దీ కట్టెలు దించారు. ఇద్దరు ఉమ్మడి రాగి గుండిగ మోసుకొచ్చారు. ఒకడు ధూపం వెలిగించాడు. నమ్తక్ భుజాన తెల్లటి గుడ్డ, చేతిలో చుట్టిన తాడు. పోయినవాళ్లను కూర్చున్నట్టుగా కట్టడానికి ఆ తాడు కావాలి.

అద్దాల గది తలుపు తోయగానే వాళ్లకు బల్ల కింది నుంచి బయటికి చాచి ఉన్న రెండు కాళ్లు కనిపించాయి. కదలిక లేదు.

"ఆలస్యమైపోయింది" అన్నాడు నమ్తక్, తాడు విప్పుతూ.

"ఎందుకు, ఇంకా టైముంది కదా. తలుపు మెల్లగా వెయ్యండి, గాలొస్తోంది" అన్నాయి కాళ్లు.

నలుగురు ఒక్కసారి ముందుకు దూకి చోస్ఫెల్‌ను బయటికి లాగారు. అతని చేతిలోంచి కుంచె జారింది. ఏం జరుగుతోందో తెలిసేలోపు అతన్ని వంటింటి స్తంభానికి ఆనించి కూర్చోబెట్టి, మెడదాకా మూడు బొంతలు కప్పేశారు.

"నాకేం కాలేదు! వదలండి!"

నమ్తక్ మిగతావాళ్ల వైపు తిరిగి బరువుగా తల ఊపాడు. "మా నాన్న కూడా ఇదే మాటన్నాడు. నాకేం కాలేదురా అన్నాడు, టీ తాగాడు, పోయాడు."

"ఒంట్లో బలం ఉందయ్యా నాకు, చూడు, చెయ్యి ఇటివ్వు!"

"చివర్లో అట్లా బలం వస్తుంది. నూనె అయిపోయే ముందు దీపం ఎగదన్నదూ? మోకాళ్లు బిగుసుకున్నాయా? ఇప్పుడే మడిచి ఉంచుకో చోస్ఫెల్, తర్వాత మాకు కష్టం."

"అచో నమ్తక్, అన్నా, ఆకు మీద పురుగులున్నాయి. వాటి కోసమే నేను..."

"పురుగులు కనబడుతున్నాయిట" అని నమ్తక్ వెనక్కి చెప్పాడు. ఆడవాళ్లలో ఒకామె ముక్కు చీదింది.

లామా తొందుప్ జీపు దిగి వచ్చారు. వస్తూనే చోస్ఫెల్ ఎడమ చెవి దగ్గర కూర్చుని గ్రంథం విప్పారు. చోస్ఫెల్ ఏదో చెప్పబోతే ఆయన తల మీద చెయ్యి వేసి, "మాటలు వదిలెయ్ నాయనా. ఇల్లు నీది కాదు, ఒళ్లు నీది కాదు, దేని మీదా మనసు పెట్టకు" అన్నారు.

"లామాలే, ఆకు మీద మనసు పెట్టాలి. పన్నెండవుతోంది!"

"ఆకు మీద కూడా వద్దు."

పవిత్ర గ్రంథం చదువుతుంటే మధ్యలో లేవడం మహాపాపం. అదీ పున్నమి నాడు. చోస్ఫెల్ బొంతల్లో చెమటలు కక్కుతూ, తన చావు మంత్రాలు తనే భక్తిగా వింటూ కూర్చున్నాడు. వినగా వినగా అవి చాలా బాగున్నాయనిపించింది కూడా. ఇంకా ముప్పై పేజీలున్నాయి.

ఫస్పున్‌లో పెద్ద ఆడమనిషిది గరిట పెత్తనం. ఆ లెక్కన పొయ్యి దగ్గరికి వచ్చింది అబీ యాంగ్డోలే. యాత్రకు కట్టిన మూటను పక్కన పెట్టి, కొంగు బిగించి, బొంతల్లోని మనిషి ముందు వంగి చూసింది. ఆమె కళ్లు చెమ్మగిల్లాయి.

"నా బాకీ తీర్చకుండానే పోతున్నావురా నోనో?"

"అదే అబీలే నేనూ మొత్తుకునేది! చెప్పండి వీళ్లకి, వదలమనండి!"

"పోనీలే. వదిలేశాను. నువ్వు దాని గురించి దిగులు పెట్టుకోకు. హాయిగా వెళ్లు."

"అబీలే, నేను హాయిగా వెళ్లను!"

"అందరూ అంతే నాయనా" అని ఆమె కళ్లు తుడుచుకుని పనిలో పడింది. ఏడిళ్లవాళ్లు, లామా, పుంచోక్, జీపు నడిపినవాడు, అందరూ ఇరవై రెండు మంది. పున్నమి కాబట్టి మాంసం వేయకూడదు. గుండిగలో నీళ్లు కాగుతున్నాయి, పిండి ముద్దలు జారవిడుస్తున్నారు, లోపల వేయడానికి మాత్రం ఏమీ లేదు. కొట్టుగది తాళంచెవి కున్‌జెస్ నడుముకు ఉండిపోయింది. అబీ యాంగ్డోల్ చుట్టూ చూసి, కత్తి తీసుకుని అద్దాల గది వైపు నడిచింది. చోస్ఫెల్‌కు అది కనబడలేదు. లామా వీపు అడ్డంగా ఉంది.

కున్‌జెస్ పెరుగు ముంతతో తిరిగి వచ్చేసరికి వాకిట్లో కట్టెలు, గడప మీద ధూపం, లోపల్నించి లామా గొంతు. ముంత చేతిలోంచి జారిపోయింది. గుమ్మంలోనే కూలబడి, "అయ్యో! పొద్దున్నే తిట్టి పోయాను! పురుగుల మీద పెట్టిన ప్రేమ నా మీద పెట్టలేదే అనుకుంటూ పోయాను! గాడిదవై పుడతావని అన్నానే! నా నోరు పడిపోను!" అని శోకాలు పెట్టింది.

"నేను బతికే ఉన్నాను, పెరుగు పోయిందా?" అని బొంతల్లోంచి వినబడింది.

కున్‌జెస్ శోకం టక్కున ఆగింది. లేచి లోపలికి వచ్చింది. బొంతలు ఒక్కొక్కటే లాగేసింది. భర్తను పైనుంచి కిందిదాకా చూసింది. నుదుటి మీద చెయ్యి వేసింది. "ఈయనకేమైంది? పొద్దున్న నాలుగు రొట్టెలు తిన్నాడు!"

అప్పుడు లామా గ్రంథం నుంచి తల ఎత్తారు. నమ్తక్ పుంచోక్ వైపు చూశాడు. పుంచోక్ చోస్ఫెల్ వైపు చూశాడు. "మరి ప్రాణాలు పోతాయన్నావ్?"

"పురుగులవి! ఆకు మీది పేనుబంకవి!" అని చోస్ఫెల్ మొదటి నుంచి చెప్పుకొచ్చాడు. బల్ల కింద ఎందుకు పడుకున్నాడో, ఊపిరెందుకు బిగబట్టాడో, ఫోను ఎందుకు కింద పెట్టాడో చెప్పాడు. సగం కథలోనే ఎవరో ఒకరు పక్కున నవ్వారు. తర్వాత ఇల్లంతా నవ్వింది. లామా కూడా గ్రంథాన్ని గుడ్డలో చుట్టి పక్కన పెట్టి, పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వనివాడు నమ్తక్ ఒక్కడే.

"మరి ఈ కట్టెలు?"

"తీసుకెళ్లు."

"మళ్లీ మొయ్యడం ఎందుకు? ఉంచు. ఎప్పటికైనా నీకు కావాల్సినవేగా" అన్నాడు నమ్తక్, తాడు చుట్టుకుంటూ.

"వండింది వండినట్టుంది, కూర్చోండి అందరూ" అని అబీ యాంగ్డోల్ గరిట ఊపింది. వరసలో కూర్చున్నారు, గిన్నెలు తీశారు. చోస్ఫెల్‌కు మాత్రం కాలు నిలవలేదు. పన్నెండు దాటింది. అయినా ఇంకా చేజారిపోలేదు. నాలుగు డబ్బాల ఆకు శుభ్రంగా ఉంది. పెరుగు పోతే పోయింది, పచ్చిగానే పళ్లెం పేర్చి అబీ ముందు పెట్టవచ్చు. కత్తి కోసం వెతికి, అది దొరకక మరో కత్తి తీసుకుని అద్దాల గదిలోకి పరుగెత్తాడు.

బల్ల మీద పదమూడు డబ్బాలూ ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. ఒక్క ఆకు కూడా పోలేదు. తలుపు పక్కన ఆపిల్ పెట్టెలో మాత్రం మొదళ్లు తప్ప ఏమీ లేవు. పెట్టె అంచు మీద దారి తప్పిన పురుగు ఒకటి, అటు కొంచెం ఇటు కొంచెం నడిచి, తన ఊరు ఏమైందా అన్నట్టు ఆగిపోయింది.

చోస్ఫెల్ పెట్టె వైపు చూశాడు. వంటింటి వైపు చూశాడు. గుండిగలోంచి వస్తున్న కమ్మటి వాసన ముక్కుకు తగిలింది. పొద్దుట్నించీ ఒక్కొక్క ప్రాణాన్నీ దువ్వి దువ్వి, ఊపిరి బిగబట్టి, అన్నిటినీ ఒకే చోట పోగుచేసి పెట్టాడు. పోగు చేయకపోతే అవి ఆ నాలుగు డబ్బాల్లో ఇప్పటికీ హాయిగా ఉండేవి.

అతను వంటింట్లోకి వచ్చేసరికి లామా తొందుప్ రెండో గిన్నె మీద ఉన్నారు.

"చోస్ఫెల్! ఆకు మీద మనసు పెట్టకు అన్నాను గాని, ఇది పెట్టాల్సిన ఆకేనయ్యా. ఏమేశారో గాని మాంసం లేకుండానే ఇంత రుచి!"

చోస్ఫెల్ గోడకు చేరగిలబడ్డాడు. "లామాలే, ఒక సందేహం. తెలియకుండా తిన్నవాళ్లకి పాపం ఉంటుందా?"

"తెలియకపోతే పాపమేంటి?"

"మరి... తెలిసి చెప్పనివాడికి?"

లామా చారు జుర్రుకుని అతని వైపు జాలిగా చూశారు. "నువ్వు ఇప్పుడే చావు దగ్గర్నించి తిరిగొచ్చావు. కాస్త నడుం వాల్చు."

పొయ్యి పక్కన పీట మీద అబీ యాంగ్డోల్ తన గిన్నె అడుగుకు వచ్చింది. చోస్ఫెల్‌ను చూసి చిగుళ్లన్నీ కనబడేలా నవ్వింది. "రారా. నువ్వు దులిపి పెట్టిన ఆకేగా, నా వంతు నేనే కోసుకున్నాను, ఏమీ అనుకోకు. నెల్లాళ్లుగా ఇదే బెంగ నాకు, పచ్చాకు పళ్లెంలో పెడతానంటున్నాడు, ఈ నోటికి నమలడానికి పన్ను లేదే, వద్దంటే పిల్లాడు నొచ్చుకుంటాడే అని. ఉడికింది గనక మింగాను. తీరింది నీ బాకీ."

ఎంత తేలికగా అనేసింది! ఒక్క మాట మాట్లాడకుండా ఊరుకుంటే సరిపోయేది. ఆమె రేపు ఈ వేళకు విమానంలో ఉంటుంది. కాని అసలు సంగతి దాచి తీర్చినది బాకీ ఎలా అవుతుంది? అది ఇంకో బాకీ అవుతుంది. చోస్ఫెల్ ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఎవరికీ వినబడకుండా చెవి దగ్గర చెప్పాడు. నాలుగు డబ్బాల పురుగులనూ ఏ పెట్టెలోకి చేర్చాడో, ఆమె ఏ పెట్టె కోసిందో.

అబీ యాంగ్డోల్ చేతిలో చెంచా ఆగిపోయింది. గిన్నెలోకి చూసింది. ఆమె భుజాలు వణకడం మొదలుపెట్టాయి. ఏడుస్తోందనుకుని చోస్ఫెల్ ఆమె కాళ్లు పట్టుకోబోయాడు.

ఆమె ఏడవడం లేదు.

"నోనో," అంది ఊపిరి అందాక, గొంతు తగ్గించి, "ఆ ఏడు కున్‌జెస్‌కి నేను తెచ్చిన గిన్నెలో ఏముందనుకున్నావ్?"

"ఆకు."

"ఆకు మీద?"

చోస్ఫెల్ ఆమె చేతిలోని గిన్నె వైపు చూశాడు.

"కిటికీలో డబ్బా ఆకు తిప్పి చూస్తే కిందంతా ఇవే. ఏరుతూ కూర్చుంటే తెల్లారిపోతుంది. అక్కడ పిల్ల వాంతులు చేసుకుని వేలాడిపోతోంది. కళ్లు మూసుకుని తరిగేశాను, మరిగే నీళ్లలో పడేశాను. ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా వాటి పేరున రోజుకో మాల జపం చేస్తున్నాను. నీ దగ్గర పళ్లెం ఎందుకడిగాననుకున్నావ్? పచ్చాకు మీద మోజా? ఒక్కసారి శుభ్రమైన ఆకు నీ చేత్తో తింటే, ఇచ్చిందీ పుచ్చుకుందీ సరిపోయి, ఆ మాట మనసులోంచి పోతుందేమోనని."

"మరి ఇప్పుడు..."

"ఇప్పుడేంట్రా, కొలిచినట్టు తిరిగి ఇచ్చావు. నేను ఇచ్చిందే ఇచ్చావు. పురుక్కి పురుగు."

చోస్ఫెల్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "అబీలే, యాత్రకి పోబోయే ముందు మీకు ఈ పాపం అంటగట్టాను. రేపెలా బయల్దేరతారు?"

"బోధ్‌గయకే కదా పోతోంది. పాతదొక్కటి దింపుకోవడానికి పోతున్నాను, ఇప్పుడు రెండూ అక్కడే దింపుతాను. విమానంలో సామాను పదిహేను కిలోలే అంటున్నారు గాని, పాపాన్ని ఎవరూ తూచరు."

"మరి డోల్కర్ అమ్మకి చెప్పాలా?"

"కడుపులో డోల్కర్‌ని పెట్టుకుని తిన్నది ఇప్పుడు చెప్పి ఏం చేస్తావ్? కక్కిస్తావా?"

"లామాలేకి?"

వరస మొదట్లోంచి లామా తొందుప్ గిన్నె ఎత్తి చూపించారు. "అడుగున ఇంకేమైనా మిగిలిందా?"

చోస్ఫెల్, అబీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అయిపోయింది లామాలే" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

అబీ యాంగ్డోల్ తన గిన్నెను కంటి దగ్గరగా పట్టుకుంది. అంచు చుట్టూ బొటనవేలితో తుడిచింది. గిన్నె తిప్పుకుంటూ లోపలంతా నాలుకతో నాకింది. అలా నాకితేనే తృప్తిగా తిన్నట్టు. ఆ తర్వాత దాన్ని రెండు చేతులతో చోస్ఫెల్ చేతుల్లో పెట్టింది.

"ఇదిగో. చెల్లు."

ఆ గిన్నె కడగనవసరం లేనంత శుభ్రంగా ఉంది.